పంజరంలోని అమానతు: పెంపుడు చిలుక, ఇస్లామీయ సంప్రదాయం

షాఫియీ ధర్మశాస్త్ర గ్రంథాలలో ఇమామ్ ఖఫ్ఫాల్ అల్ మర్వజీ (మరణం హి. 417, క్రీ.శ. 1026) ఇచ్చిన ఒక ఫత్వా ఉల్లేఖింపబడుతూ ఉంటుంది. కూత వినే సరదాకోసం పక్షులను పంజరాలలో ఉంచవచ్చునా అని ఎవరో ఆయనను అడిగారు. వాటికి అవసరమైనవి యజమాని చూసుకొనే పక్షంలో ఉంచవచ్చుననీ, అవి కట్టివేసిన పశువుతో సమానమనీ ఆయన సమాధానమిచ్చారు. కొన్ని సంవత్సరాల క్రితం ఈ ఫత్వాను నేను తెలుగు చేశాను. చిన్న పని. "అవసరమైనవి" అన్న మాట దగ్గర నా కలం ఆగలేదు. మేత, నీరు అని మనసులో అనుకొని ముందుకు సాగిపోయాను.

ఆ రోజుల్లోనే పిల్లల పోరు పడలేక ఒక జత చిన్న చిలుకలు కొన్నాను. మన బజారుల్లో "లవ్ బర్డ్స్" అని అమ్మే పిట్టలు. నిజానికి వాటి పేరు బడ్జరీగార్; పెంచేవారు బడ్జీ అంటారు. దుకాణదారుడే ఒక గుండ్రని పంజరం కూడ ఇచ్చాడు. మెరిసే తీగలు, పైన గోపురం, చూడముచ్చటగా ఉంది. పిల్లలు మగపిట్టకు మిఠ్ఠూ అని పేరు పెట్టారు. రోజూ గింజలు వేసేవారు, నీళ్లు మార్చేవారు. మిఠ్ఠూ మాత్రం పొద్దస్తమానం తీగలను కొరుకుతూ ఉండేది. ఆట అనుకున్నాము. రెండు నెలలు గడవకముందే అది మేత మాని, ముడుచుకొని కూర్చొని, ఒక ఉదయం అడుగున పడి ఉంది. తరువాత పశువైద్యునికి పంజరం చూపిస్తే, తీగల మీది జింకు పూత ఊడి ఉన్న చోట్లను ఆయన వేలితో తడిమి, ఆ పూతే కడుపులోకి పోయి ఉంటుందని అన్నాడు.

"అబ్బా, మనం రోజూ మేత పెట్టాం గదా, మరి ఎందుకు చచ్చిపోయింది?" అని మా చిన్నమ్మాయి అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు నేను అనువదించిన ఫత్వాలోనే ఉన్నది. నేనే సరిగా చదువలేదు. పంజరంలోని పక్షికి "అవసరమైనవి" ఏవి? మన పూర్వ ధర్మవేత్తలు ఆ మాటను ఎంతవరకు విస్తరించారు? ఈనాటి జ్ఞానం దానికి ఏమి చేర్చింది? ఈ మూడు విషయాలను పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసోద్దేశము.

అబూ ఉమైర్ పిట్ట

ఈ చర్చ అంతటికీ మూలం మదీనాలోని ఒక చిన్న పిల్లవాడు. హజ్రత్ అబూ తల్హా, ఉమ్మె సులైమ్ దంపతుల కుమారుడు అబూ ఉమైర్. హజ్రత్ అనస్ (రజి) కు తల్లి వైపున తమ్ముడు. అతని దగ్గర ఒక చిన్న పిట్ట ఉండేది. అరబ్బీలో దానిని నుగర్ అంటారు. ముద్దుగా పిలిస్తే నుగైర్. దైవప్రవక్త (స) వారి ఇంటికి వచ్చినప్పుడు ఆ బాలునితో పరిహాసమాడేవారు. ఒకసారి పిల్లవాడు దిగులుగా ఉండగా కారణమడిగారు. పిట్ట చనిపోయిందని ఇంటివారు చెప్పారు. అప్పుడాయన ఆ పిల్లవాని పేరుకూ పిట్ట పేరుకూ ప్రాస కలిపి, నీ పిట్ట ఏమయిందని అనునయంగా పలుకరించారు. బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోను ఉన్న హదీసు ఇది.

ఒక రాజ్యానికి బాధ్యత వహిస్తున్న వ్యక్తి ఒక పసివాని పిట్టకోసం ఆగి మాట్లాడడం మన ఉలమాలను ఎంతగా ఆకర్షించిందంటే, ఈ ఒక్క హదీసు మీదనే ప్రత్యేకంగా ఒక గ్రంథం వెలువడింది. తబరిస్తాన్‌కు చెందిన షాఫియీ పండితుడు ఇబ్నుల్ ఖాస్ (మరణం హి. 335, క్రీ.శ. 946) దీనినుండి అరవైకి పైగా ధర్మసూక్ష్మాలను వెలికితీసి చూపాడు. హదీసువేత్తలు పనికిరాని సంగతులను కూడ ఉల్లేఖిస్తారని ఆక్షేపించిన వారికి అది ఆయన సమాధానం. ఐదు శతాబ్దాల తరువాత ఇబ్నె హజర్ అస్ఖలానీ (మరణం హి. 852, క్రీ.శ. 1449) తన "ఫత్‌హుల్ బారీ"లో ఆ సూక్ష్మాలను సంగ్రహించి, తానూ కొన్ని చేర్చాడు. పిల్లలు పక్షితో ఆడుకోవడం, పక్షిని ఇంట్లో ఉంచుకోవడం ధర్మసమ్మతమేనన్నది అందులో ఒకటి. అయితే వ్యాఖ్యాతలు వెంటనే ఒక హద్దు గీశారు. అనుమతి ఉన్నది పక్షిని ఉంచుకొని వినోదించడానికే కాని దానిని హింసించడానికి కాదు.

ఇక్కడ ఒక చారిత్రక విశేషం గమనించదగినది. తొలినాళ్లలో ఈ హదీసు మీద జరిగిన వాదం పంజరాన్ని గురించి కాదు, మదీనా పవిత్రతను గురించి. మక్కా హరమ్‌లో వేటాడడం నిషిద్ధం. మదీనాకు కూడ అదే నియమం వర్తిస్తుందా? వర్తించేటట్లయితే అబూ ఉమైర్ దగ్గర పిట్ట ఎలా ఉండగలిగిందని ఇమామ్ తహావీ (మరణం హి. 321, క్రీ.శ. 933) వంటి హనఫీ పండితులు ప్రశ్నించారు. పిట్టను పట్టణం వెలుపల పట్టి తెచ్చి ఉండవచ్చునని ఇతరులు బదులు చెప్పారు. ఇమామ్ బుఖారీ "అల్ అదబుల్ ముఫ్రద్" గ్రంథంలో, అబ్దుల్లా బిన్ జుబైర్ మక్కాలో ఉన్న కాలంలో కొందరు సహాబీలు పంజరాలలో పక్షులను తీసుకొని వెళ్లేవారన్న ఒక ఉల్లేఖనం కూడ కనబడుతుంది. దాని సనదు బలహీనమని కొందరు పరిశీలకులు అన్నారు. ఏమైనా పంజరం ముస్లిం సమాజానికి ఆది నుండీ తెలిసిన వస్తువే. దానిని చూసి ఊరుకోక, దాని హద్దులను గురించి ఆలోచించడం కూడ ఆది నుండీ ఉన్నదే.

ఆ ఆలోచనకు పునాదిగా మరి రెండు హదీసులున్నాయి. మొదటిది, పిల్లిని బంధించి, తాను మేత పెట్టక, తన మేత తాను వెదుక్కొనే వీలు కూడ ఇవ్వక చంపిన స్త్రీ శిక్షకు గురి అయిందన్నది. రెండవది, హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్‌ఊద్ (రజి) ఉల్లేఖించగా అబూ దావూద్ సంకలనంలో నమోదైనది. ప్రయాణంలో కొందరు సహచరులు ఒక పక్షి పిల్లలను రెండింటిని తీసుకున్నారు. తల్లి పక్షి వచ్చి రెక్కలు కొట్టుకొన్నది. ప్రవక్త (స) దానిని చూసి, బిడ్డల విషయంలో ఈ తల్లిని బాధపెట్టినదెవరని అడిగి, పిల్లలను తిరిగి ఇచ్చివేయమన్నారు. మొదటి హదీసు బంధించినవాని బాధ్యత చెబుతుంది. రెండవది కొన్నిటిని అసలు బంధించనే రాదని చెబుతుంది.

రెండు వైపుల వాదం

ఖఫ్ఫాల్ ఫత్వా షరతుతో కూడిన అనుమతి. హనఫీ గ్రంథాలలో కూడ ఇదే ధోరణి కనబడుతుంది. పక్షులను, కోళ్లను ఇంట్లో ఉంచుకోవడంలో దోషం లేదు, కాని మేత పెట్టవలెనని అందులో ఉన్నది. దమస్కస్‌కు చెందిన ఇబ్నె ఆబిదీన్ (మరణం హి. 1252, క్రీ.శ. 1836) వరకు ఈ మాట వచ్చింది. మన తెలుగు ప్రాంతపు ముస్లింలలో అధికసంఖ్యాకులు హనఫీలే గనుక, ఇంట్లో పంజరం ఉంటే ఎవరూ అభ్యంతరపెట్టకపోవడానికి కారణం ఇదే.

కాని రెండవ గొంతు ఒకటి ఉన్నది. మనలో చాలమంది దానిని వినలేదు. బాగ్దాద్ హంబలీ పండితుడు ఇబ్నె అఖీల్ (మరణం హి. 513, క్రీ.శ. 1119) బుల్బుల్ పిట్టలు, గువ్వలు మొదలైన కూత పక్షులను పాటకోసం పంజరంలో పెట్టడాన్ని నిరసించాడు. అది మనిషి అవసరాలలోనిది కాదు, సుఖజీవనపు పొగరుబోతుతనమని ఆయన అభిప్రాయం. బంధించడమే ఒక హింస అన్నాడు. ఇబ్నె ముఫ్లిహ్ (మరణం హి. 763, క్రీ.శ. 1362) నైతిక నియమావళిని గురించి రాసిన తన గ్రంథంలో ఈ చర్చను భద్రపరచాడు. అందులోనే హజ్రత్ అబూ దర్దా (రజి) పేర ఒక మాట ఉల్లేఖింపబడింది. తమ ఆహారం తాము వెదుక్కోకుండ పంజరంలో పెట్టినవానిని ప్రళయదినాన పిచ్చుకలు పట్టుకొని, ఇతడు మమ్ము లోకంలో బాధించాడని ప్రభువుకు ఫిర్యాదు చేస్తాయట.

ఈ మాటలో నన్ను ఆపినది ఒక సూక్ష్మం. పక్షుల ఫిర్యాదు ఆకలిని గురించి కాదు. పంజరంలో గింజలు ఉండే ఉంటాయి. వెదుక్కోవడం అనే పనినుండి తమను తప్పించినందుకు అవి ఫిర్యాదు చేస్తున్నాయి. పక్షికి మేత ఎంత అవసరమో మేతను వెదకడం కూడ అంత అవసరమని పక్షిశాస్త్రజ్ఞులు ఇటీవలి దశాబ్దాలలో చెబుతున్నారు. ఆ సంగతి ఈ పాత మాటలో ఒక మూల ఉండనే ఉన్నది.

రెండు పక్షాల మధ్య వారధివంటి వాడు ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (మరణం హి. 660, క్రీ.శ. 1262). ఆయన తన "ఖవాఇదుల్ అహ్‌కామ్"లో మానవుని మీద జంతువులకున్న హక్కులను ఒక పట్టికగా రాశాడు. ముసలిదై, జబ్బుపడి, ఇక ప్రయోజనం లేకపోయినా పోషించవలెను. శక్తికి మించిన భారం వేయరాదు. దానిని గాయపరచే జంతువుతో కలిపి ఉంచరాదు. అది పడుకొనే చోటును బాగుగా ఉంచవలెను. ఋతుకాలంలో ఆడ మగ జంతువులను కలిసి ఉండనీయవలెను. ఇక్కడ "అవసరమైనవి" అన్న మాట మేత నీళ్లను దాటిపోయింది. నివాసం, రక్షణ, తోడు అందులో చేరాయి. ఏడున్నర శతాబ్దాల క్రితమే చేరాయి. మిఠ్ఠూ చనిపోయిన తరువాత ఈ పట్టికను మళ్లీ తీసి చదివి, నేను ఎన్నిటిలో తప్పానో లెక్క చూసుకున్నాను.

చిలుకలో హిందూదేశం

అరబ్బులకు చిలుక దూరదేశపు పక్షి. వారు దానిని బబ్‌గా అన్నారు. హిజ్రీ నాల్గవ శతాబ్దపు కవి అబుల్ ఫరజ్‌కు (మరణం హి. 398, క్రీ.శ. 1008) ఆ పేరే బిరుదై నిలిచింది. ఈజిప్టు పండితుడు దమీరీ (మరణం హి. 808, క్రీ.శ. 1405) తన జంతు నిఘంటువు "హయాతుల్ హైవాన్"లో దానికి ఒక శీర్షిక కేటాయించాడు. ఫార్సీలో అది తూతీ. ఆ భాషలో తూతీ అంటే వెంటనే గుర్తుకు వచ్చే దేశం హిందూస్తానం. అమీర్ ఖుస్రో (1253–1325) కు తూతీయె హింద్ అన్న పేరు ఊరక రాలేదు.

మౌలానా రూమీ (మరణం 1273) మస్నవీ మొదటి సంపుటంలోని వర్తకుని చిలుక కథ అందరికీ తెలిసినదే. హిందూదేశం వెళ్తున్న యజమానితో చిలుక తన జాతివారికి సందేశం పంపుతుంది. ఆ సందేశం విని అక్కడొక చిలుక ప్రాణం పోయినట్లు పడిపోతుంది. ఆ వార్త విని ఇక్కడి చిలుక కూడ పడిపోతుంది. చచ్చిందనుకొని వర్తకుడు బయట వేయగానే ఎగిరిపోతుంది. రూమీ చెప్పదలచినది ఆత్మవిముక్తి. అయినా ఆ ఉపమానం పనిచేయాలంటే పంజరం బాధ అనీ, పక్షికి తన వారు జ్ఞాపకం ఉంటారనీ శ్రోతలకు ముందే తెలిసి ఉండాలి.

దాదాపు అదే కాలపు మరొక కథ ఇందుకు భిన్నం. బదాయూన్‌లో స్థిరపడిన జియాఉద్దీన్ నఖ్‌షబీ హి. 730 (క్రీ.శ. 1330) లో "తూతీనామా" రచించాడు. దానికి మూలం సంస్కృత శుకసప్తతి కథలు. యజమాని పరదేశం పోయిన ఇంట్లో పంజరంలోని చిలుక రాత్రికొక కథ చెప్పి, యాభై రెండు రాత్రులు యజమానురాలిని గడప దాటకుండ ఆపుతుంది. గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో గవ్వాసీ హి. 1049 (క్రీ.శ. 1639) లో దీనిని దక్కనీలో కావ్యంగా మలచాడు. తెలుగులో పాలవేకరి కదిరీపతి "శుకసప్తతి" కూడ పదిహేడవ శతాబ్దానిదే. అక్బరు కోసం చిత్రించిన తూతీనామా ప్రతి అధికభాగం నేడు అమెరికాలోని క్లీవ్‌లాండ్ మ్యూజియంలో ఉన్నది. ఒకే చిలుక సంస్కృతంలో, ఫార్సీలో, దక్కనీలో, తెలుగులో మాట్లాడింది. ఆ కథలో పంజరం ఇంటి మధ్యన వేలాడుతుంది. చిలుక ఇంటిమనిషి. దానితో మాట్లాడతారు, దాని మాట వింటారు. గింజలు వేసి మరచిపోయే వస్తువు కాదు.

మూడవ మార్గం కూడ మన చరిత్రలో ఉన్నది. ఉస్మానీ తుర్కులు మసీదుల గోడలకు రాతితో చెక్కిన చిన్న పక్షి గృహాలు అమర్చారు. ఇస్తాంబుల్ ఉస్కుదార్ ప్రాంతంలోని యెని వాలిదె, అయజ్మా మసీదుల గోడల మీద అవి నేటికీ నిలిచి ఉన్నాయి. తలుపు లేని ఇళ్లవి. పక్షి రావచ్చు, పోవచ్చు. పక్షుల కూత వినాలన్న కోరిక మాత్రమే ఉన్నవారికి ఇంతకంటె నిర్దోషమైన మార్గం లేదు. పెరట్లో ఒక మట్టి మూకుడులో నీరు, గోడ మీద నాలుగు గింజలు చాలు.

ఏ పక్షిని ఉంచవచ్చు?

ఇక వర్తమానానికి వద్దాము. మన రామచిలుకలను, దేశవాళీ చిలుకలన్నిటినీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షిస్తున్నది. వాటిని పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో ఉంచుకోవడం నేరం. 2022లో చట్టాన్ని సవరించిన తరువాత కూడ ఆ రక్షణ అలాగే ఉన్నది. చట్టం మాట అలా ఉంచినా, చెట్టు తొర్రలోనుండి పిల్లలను లాగి తెచ్చి అమ్మేవాని దగ్గర కొనడమంటే, అబూ దావూద్ హదీసులోని తల్లి పక్షి ఎదుట నిలబడడమే. కొందరు పుణ్యంకోసం బజారులో పక్షులను కొని విడిచిపెడతారు. ఉద్దేశం మంచిదే. కాని కొనేవాడున్నంత కాలం పట్టేవాడూ ఉంటాడు. విడుదలకై కొన్న ప్రతి పక్షి స్థానంలో మరొకటి వలలో పడుతుంది.

బడ్జీ సంగతి వేరు. అది ఆస్ట్రేలియా లోతట్టు పొడి మైదానాల పక్షి. 1840లో జాన్ గూల్డ్ అనే ఆంగ్ల పక్షిశాస్త్రజ్ఞుడు ప్రాణంతో ఉన్న బడ్జీలను ఇంగ్లాండుకు తెచ్చాడు. అప్పటినుండి అది మనుషుల మధ్యనే తరతరాలుగా పిల్లలను కంటున్నది. తోకతో కలిపి జానెడుకన్న పొడవుండదు. బరువు ముప్పై నలభై గ్రాములు. మన దేశంలో దీనిని పెంచడం నిషిద్ధం కాదు. దీనిని జాలిపడి కిటికీలోనుండి వదిలేస్తే అది స్వేచ్ఛ కాదు. ఇక్కడి ఆకాశంలో అది కాకులకు, డేగలకు ఆహారమవుతుంది, లేదా ఆకలితో చస్తుంది. రూమీ చిలుకకు తిరిగి వెళ్లడానికి ఒక దేశం ఉన్నది. పంజరంలో పుట్టిన బడ్జీకి లేదు. మన ఇంటికి వచ్చిన తరువాత దాని లోకమంతా మనం కట్టి ఇచ్చే పంజరమే. అందుకే దానిని అమానతు అంటున్నాను.

షరతును నెరవేర్చే పంజరం

మొదట ఆకారం. పక్షి అడ్డంగా ఎగురుతుంది గాని నిలువుగా కాదు. కనుక ఎత్తుకంటె పొడవు ముఖ్యం. ఒక జతకు పొడవు రెండున్నర అడుగులకు, వెడల్పు, ఎత్తు ఒకటిన్నర అడుగుకు తగ్గరాదు. ఇంతకంటె పెద్దదైతే మరీ మంచిది. గుండ్రని పంజరంలో ఎగిరే చోటు లేదు, ఒదిగి కూర్చొనే మూల లేదు. తీగల మధ్య సందు అర అంగుళం మించరాదు. మించితే తల ఇరుక్కుంటుంది. కనీసం రెండు వైపుల తీగలు అడ్డంగా ఉండాలి. చిలుకకు ముక్కు మూడవ కాలు వంటిది. దానితో పట్టుకొని అది పైకి ఎక్కుతుంది.

అందువల్లనే తీగ ఏ లోహమన్నది ప్రాణానికి సంబంధించిన ప్రశ్న. జింకు పూత, సీసం కలిసిన పాత రంగు, టంకం వేసిన అతుకులు చిలుకకు విషం. స్టెయిన్‌లెస్ స్టీలు శ్రేష్ఠం. లేదా మంచి పౌడర్ కోటింగ్ వేసిన పంజరం, అదీ పెచ్చులు లేవనంత వరకే. వాకిలి గొళ్లెం పక్షి ముక్కుతో ఎత్తలేనిదిగా ఉండాలి.

పంజరాలతో పాటు ఇచ్చే నున్నని ప్లాస్టిక్ కర్రలు చాలవు. ఎప్పుడూ ఒకే లావు కర్ర మీద నిలబడితే పాదాలు పుండ్లు పడతాయి. వేప, జామ కొమ్మలను కడిగి, ఎండబెట్టి, బెరడుతోనే అమర్చాలి. కొన్ని చిటికెన వేలంత, కొన్ని బొటన వేలంత లావుండాలి. మందు చల్లిన చెట్టు కొమ్మ వద్దు. గన్నేరు కొమ్మ ఎంతమాత్రం వద్దు, అది విషం. మేత, నీటి గిన్నెల పైన కొమ్మ ఉండకుండ చూడాలి, రెట్ట వాటిలో పడుతుంది.

పంజరం పెట్టే చోటు మన ఇళ్లలో ప్రత్యేకంగా ఆలోచించవలసిన విషయం. పక్షికి ఊపిరితిత్తులతోపాటు శరీరమంతా గాలి సంచులుంటాయి; పొగ, వాయువు దానిమీద అతి వేగంగా పనిచేస్తాయి. కనుక వంటిల్లు పనికిరాదు. నాన్‌స్టిక్ పెనం మితిమీరి కాలితే వచ్చే వాయువు కొద్ది నిమిషాలలో చంపగలదు. శుక్రవారం మనం వేసే ఊదు, లోబాన్, అగరుబత్తి, దోమల చుట్ట, అత్తరు పిచికారీ పక్షి ఉన్న గదికి దూరంగా ఉండాలి. ఒక వైపు గోడ ఆనుకొని ఉంటే పక్షికి ధైర్యం. నేరుగా ఎండ తగులరాదు, వెలుతురు కావాలి. రాత్రి పది పన్నెండు గంటల చీకటి, నిశ్శబ్దం కావాలి. రమజానులో తరావీహ్ నుండి సహరీ వరకు ఇల్లంతా దీపాలతో మేలుకొని ఉంటుంది. ఆ నెల పంజరాన్ని లోపలి గదికి మార్చడం మంచిది.

ఇక మేత. గింజలు మాత్రమే తినే బడ్జీకి కొవ్వు పేరుకొని కాలేయం చెడుతుంది. కొర్రలు, సజ్జలతోపాటు తోటకూర, కొత్తిమీర, మునగాకు, క్యారట్ తురుము అలవాటు చేయాలి. సున్నపు ధాతువుకోసం మన వాళ్లు సమందర్ ఝాగ్ అనే సముద్ర ఫేనాన్ని తీగకు కట్టాలి. అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, ఉప్పు వేసిన తినుబండారాలు ఇవ్వరాదు. రోజూ నీరు మార్చాలి, అడుగు కాగితం తీయాలి. వెడల్పాటి గిన్నెలో కొంచెం నీరు పెడితే అది స్నానం చేస్తుంది.

అబూ దర్దా (రజి) పేర వచ్చిన ఫిర్యాదుకు జవాబు ఈ తరువాతి సంగతి. మేతను గిన్నెలో పోసి ఊరుకోరాదు. కొంత భాగాన్ని వెదుక్కొనేటట్లు చేయాలి. కొర్ర కంకిని పైకప్పుకు వేలాడదీయండి. గింజలను అచ్చులేని తెల్ల కాగితంలో వదులుగా చుట్టి కొమ్మల మధ్య పెట్టండి. పళ్లెంలో ఆకులు పరచి వాటి కింద చల్లండి. కొరకడానికి మెత్తని కర్ర ముక్కలు, తాటాకు, కొబ్బరాకు చీలికలు ఇవ్వండి. ఒక ఉయ్యాల చాలు. దారాలు లేచిన తాళ్లు కాళ్లకు చుట్టుకుంటాయి, అవి వద్దు. ఆట వస్తువులన్నీ ఒకేసారి నింపక, వారానికొకటి మారుస్తూ ఉండండి. ఎగరడానికి చోటు మిగలాలి. పని లేని చిలుక తన ఈకలనే పీక్కుంటుంది, లేదా మా మిఠ్ఠూ వలె తీగలను కొరుకుతుంది.

రోజులో కొంతసేపు గదిలో ఎగరనివ్వాలి. అంతకు ముందు పంకా ఆపి, తలుపులు మూసి, కిటికీ అద్దాల మీద పరదా లాగి, నీటి బకెట్ల మీద మూతలు పెట్టాలి. చివరగా, తోడు. ఖుర్ఆన్ ఆరవ సూరా 38వ ఆయత్‌లో రెక్కలతో ఎగిరే పక్షులను కూడ మానవులవంటి సముదాయాలుగా, అనగా ఉమ్మత్‌లుగా అల్లాహ్ పేర్కొన్నాడు. బడ్జీ స్వదేశంలో పెద్ద గుంపులుగా బతికే పక్షి. దానిని ఒంటరిగా ఉంచి, ఒక అద్దం ముక్క ముందు పెట్టి తోడు ఇచ్చామనుకోవడం మోసం. ఒక్క పక్షిని పెంచేవాడు దాని ఉమ్మత్ స్థానంలో తానే రోజూ గంటల కొద్దీ కూర్చోగలగాలి. ఆ తీరిక లేనివాడు జతను ఉంచాలి. పోషించడానికి స్తోమత లేనివాడు అసలు కొనకపోవడమే ధర్మం.

ముగింపు

ఖఫ్ఫాల్, ఇబ్నె అఖీల్ ఇద్దరిలో ఎవరు సరి అని పాఠకులు అడుగవచ్చు. నా దృష్టిలో వారిద్దరి మధ్య ఉన్న దూరం పంజరం పొడవు అంత. షరతు నెరవేరని చోట ఇబ్నె అఖీల్ చెప్పినదే నిజం. అది హింసే, మేత ఎంత పోసినా సరే. షరతు నెరవేరిన చోట ఖఫ్ఫాల్ అనుమతి మనకు వర్తిస్తుంది. ఆ అనుమతి హక్కు కాదు, అప్పు. పక్షికి ఏమి కావాలో మనకు తెలిసేకొద్దీ ఆ అప్పు పెరుగుతుంది. పదవ శతాబ్దపు మనిషికి జింకు విషమని తెలియదు గనుక అతనికి క్షమాపణ ఉండవచ్చు. తెలుసుకొనే వీలుండి తెలుసుకొనని నావంటివానికి ఆ సాకు లేదు.

మిగిలిన ఆడపిట్టకు ఇప్పుడు మూడడుగుల స్టీలు పంజరం, ఒక కొత్త తోడు ఉన్నాయి. మా చిన్నమ్మాయి రోజూ ఉదయం కాగితపు పొట్లాలు చుట్టి కొమ్మల మధ్య దాస్తుంది. అబూ ఉమైర్ హదీసు ఆమెకు చెప్పాను. అంతా విని, "ఆయన పిట్ట ఎందుకు చనిపోయిందో ఎవరైనా అడిగారా?" అని అడిగింది. గ్రంథాలలో ఆ సంగతి లేదు. కాని ప్రశ్న సరైనదే. ప్రతి పంజరం ముందు ప్రతి ఇంటిలోను ఎవరో ఒకరు ఆ ప్రశ్న ముందుగా అడగాలి, పిట్ట బతికి ఉండగానే.

నోరులేని ప్రాణుల విషయంలో మన మీద ఉన్న బాధ్యతను గుర్తించే జ్ఞానాన్ని, దానిని నెరవేర్చే శక్తిని అల్లాహ్ మనకందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.